కారు ఏసీలో గ్యాస్ లీకేజీ: కనుక్కోవడం, సరిచేయించడం – తరచుగా అడిగే ప్రశ్నలు

మార్చి దాటిందంటే ఆదిలాబాద్ నుంచి వరంగల్ దాకా ఏసీ షాపుల ముందు కార్లు బారులు తీరతాయి. ఎక్కువమంది యజమానులు చెప్పేది ఒకటే మాట: "గ్యాస్ అయిపోయినట్టుంది, నింపండి." షాపువారు నింపి పంపిస్తారు. వచ్చే వేసవికి, ఒక్కోసారి వచ్చే నెలకే, అదే కారు మళ్లీ అదే షాపు ముందు ఉంటుంది. లీకు ఎక్కడుందో తెలియకుండా గ్యాస్‌కు డబ్బు కట్టవద్దన్నది ఈ జవాబులన్నింటి వెనక ఉన్న మాట. ఇవి ప్రధానంగా ఆర్-134ఎ గ్యాస్ వాడే పెట్రోలు, డీజిల్ కార్లకు వర్తిస్తాయి.

ఏసీ గ్యాస్‌ను ఎన్నేళ్లకోసారి నింపించాలి?

అలాంటి గడువేదీ లేదు. పెట్రోలు మండి ఖర్చవుతుంది. ఇంజిన్ ఆయిల్ వాడేకొద్దీ పాడవుతుంది. ఏసీ గ్యాస్ మాత్రం ఖర్చూ కాదు, అరగదు. మూసి ఉన్న పైపుల్లో అదే గ్యాస్ తిరుగుతూ ఉంటుంది: కూలింగ్ కాయిల్‌లో మరిగి కారు లోపలి వేడిని పీల్చుకుంటుంది, ముందున్న కండెన్సర్‌లో మళ్లీ ద్రవంగా మారి ఆ వేడిని బయటికి వదులుతుంది. ఆర్-134ఎ మామూలు వాతావరణ పీడనంలో సుమారు మైనస్ 26 డిగ్రీల దగ్గరే మరుగుతుంది కాబట్టి ఏ చిన్న సందు దొరికినా క్షణంలో ఆవిరై పోతుంది. కింద మడుగు కట్టదు, కంటికి కనిపించదు.

రబ్బరు గొట్టాల గుండా, గ్యాస్‌ను నొక్కి తిప్పే కంప్రెసర్ సీలు దగ్గర ఏడాదికి కొన్ని గ్రాములు పోవడం కొత్త కారులో కూడా సహజమే. అందుకే మంచి స్థితిలో ఉన్న కారు ఐదారేళ్ల పాటు గ్యాస్ అడగకుండా నడవగలదు. ఏటా నింపించాల్సి వస్తోందంటే లీకు ఉన్నట్టే. "ఏటా గ్యాస్ సర్వీసు" అంటూ ఎవరైనా ప్యాకేజీ అమ్మజూపితే తీసుకోనవసరం లేదు.

కూలింగ్ తగ్గితే అది లీకేజీయే అనుకోవచ్చా?

అనుకోకూడదు. గ్యాస్ సరిగ్గా ఉన్నా చల్లదనం రాకపోవడానికి చాలా కారణాలున్నాయి. ముందుగా చూడాల్సింది కండెన్సర్ ఫ్యాను. జాతీయ రహదారి మీద చల్లగా ఉండి, కాజీపేట ట్రాఫిక్‌లో నిలబడగానే వేడి గాలి వస్తుంటే ఫ్యాను తిరగకపోవడమో, కండెన్సర్ దుమ్ముతో మూసుకుపోవడమో కారణం కావచ్చు. పత్తి సీజన్‌లో ఎనుమాముల మార్కెట్ వైపు ఎక్కువగా తిరిగే బండ్ల కండెన్సర్ రెక్కల మధ్య దూది పోగులు పేరుకుంటాయి. వరి కోతల కాలంలో గడ్డి పొట్టు చేరుతుంది. నీళ్లతో నెమ్మదిగా కడిగితే చాలు, చాలాసార్లు కూలింగ్ తిరిగి వస్తుంది. గట్టి ప్రెషర్‌తో కొడితే పలుచని అల్యూమినియం రెక్కలు వంగిపోతాయి, జాగ్రత్త.

గాలి చల్లగానే ఉండి తక్కువగా వస్తుంటే క్యాబిన్ ఫిల్టర్ నిండిపోయి ఉంటుంది. ఒక పక్క చల్లగా, ఇంకో పక్క వేడిగా వస్తే డాష్‌బోర్డు లోపల గాలిని మళ్లించే చిన్న తలుపుల మోటారు పాడై ఉండవచ్చు. బెల్టు జారినా, కంప్రెసర్‌ను ఇంజిన్‌తో కలిపే క్లచ్ పట్టకపోయినా ఇదే ఫిర్యాదు వస్తుంది.

లీకేజీ సంకేతాలు వేరుగా ఉంటాయి. చల్లదనం ఒక్కరోజులో పోకుండా వారాలు, నెలల పాటు మెల్లగా తగ్గుతూ వస్తుంది. కంప్రెసర్ కొన్ని సెకన్లకోసారి పట్టి వదులుతూ టక్ టక్‌మంటుంది. ఎందుకంటే గ్యాస్ చాలక ప్రెషర్ పడిపోగానే స్విచ్ దాన్ని ఆపేస్తుంది. గ్యాస్ మరీ తగ్గితే కంప్రెసర్ అసలు మొదలుకాదు. ఇది దాన్ని కాపాడే ఏర్పాటు: కంప్రెసర్‌కు అందాల్సిన ఆయిల్ గ్యాస్‌తో పాటే తిరుగుతుంది కాబట్టి గ్యాస్ లేకుండా నడిస్తే అది ఎండిపోయి బిగుసుకుపోతుంది. ఆ స్విచ్‌ను వైరుతో కలిపేసి కంప్రెసర్‌ను బలవంతంగా నడిపించే పని ఎవరినీ చేయనివ్వకండి.

గేజ్ పెట్టి చూసి "ప్రెషర్ బాగానే ఉంది, గ్యాస్ సరిపోయింది" అన్నారు. నిజమేనా?

ఎక్కువ పొరపాట్లు జరిగేది ఇక్కడే, కాబట్టి కొంచెం వివరంగా చెప్పాలి.

ఏసీ ఆపి, బండి చల్లారాక గేజ్ చూపించే ప్రెషర్ లోపల ఎంత గ్యాస్ ఉందో చెప్పదు. లోపల కాస్తయినా ద్రవం మిగిలి ఉన్నంతవరకు ఆ ప్రెషర్ ఉష్ణోగ్రతను బట్టే ఉంటుంది. ఆర్-134ఎకు 25 డిగ్రీల దగ్గర సుమారు 82 పీఎస్ఐ (ప్రెషర్ కొలత), 30 డిగ్రీలకు 97, 35కు 114, 40కి 133 చూపిస్తుంది. 450 గ్రాములు పట్టే బండిలో 450 ఉన్నా, 250 మాత్రమే మిగిలినా అంకె దాదాపు అదే. వంటగ్యాస్ సిలిండర్ సగమైనా పొయ్యి మంట తగ్గదు కదా, ఇదీ అంతే.

అయితే ఆ అంకెకు ఉపయోగం లేకపోలేదు. 35 డిగ్రీల ఎండలో 114 ఉండాల్సిన చోట 60 చూపిస్తే ద్రవం పూర్తిగా అయిపోయి ఆవిరి మాత్రమే మిగిలిందని అర్థం. ఉండాల్సిన దానికంటే చాలా ఎక్కువ చూపిస్తే లోపల గాలి చేరి ఉండాలి, లేదా వేరే గ్యాస్ కలిసి ఉండాలి.

ఏసీ నడుస్తున్నప్పటి అంకెలు కూడా వాతావరణంతో పాటు మారతాయి. మే నెలలో రామగుండం ఎండలో హై సైడ్ (కంప్రెసర్ నుంచి కండెన్సర్ వైపు) ప్రెషర్ 250 దాటడం మామూలే. అదే బండి డిసెంబరు ఉదయం 150 దగ్గర ఉంటుంది. కాబట్టి ఏ నెలలోనైనా ఒకే అంకె వచ్చేదాకా గ్యాస్ ఎక్కించడం తప్పు. గ్యాస్ ఎంత ఉందో కచ్చితంగా తెలిసే దారి ఒక్కటే: ఉన్నదంతా రికవరీ మిషన్‌లోకి (గ్యాస్‌ను బయటికి పోనివ్వకుండా పట్టి ఉంచే యంత్రం) తీసి తూకం వేయడం. 450 పట్టే బండిలో 280 వచ్చిందంటే 170 గ్రాములు పోయాయి. పోయిసారి ఎప్పుడు నింపించారో తెలిస్తే లీకు ఎంత వేగంగా ఉందో కూడా తెలుస్తుంది. ఆ వేగాన్ని బట్టే వెతికే పద్ధతిని ఎంచుకోవాలి.

షాపుకు వెళ్లే ముందు ఇంటి దగ్గర నేను ఏమి చూడగలను?

చాలానే చూడవచ్చు. గ్యాస్ బయటికి పోయేటప్పుడు కొంత ఆయిల్‌ను వెంట తీసుకుపోతుంది. ఆ ఆయిల్ మీద దుమ్ము అంటుకుని నల్లటి జిడ్డు మరక ఏర్పడుతుంది. ఇంజిన్ చల్లగా ఉన్నప్పుడు బానెట్ ఎత్తి, టార్చ్‌లైటుతో అల్యూమినియం పైపుల జాయింట్లు, రబ్బరు గొట్టం లోహంతో కలిసే చోట్లు, కంప్రెసర్ ముందు భాగం, కండెన్సర్ ముఖం వరుసగా చూడండి. మిగతా చోట పొడి దుమ్ము ఉండి ఒక్కచోట తడి మురికి ఉంటే అనుమానించాల్సింది దాన్నే. అయితే ఇంజిన్ ఆయిల్ కారినా ఇలాగే కనిపిస్తుంది. ఆ చోటును శుభ్రంగా తుడిచి, ఒక వారం తర్వాత మళ్లీ చూస్తే తేడా తెలిసిపోతుంది.

తర్వాత గ్యాస్ ఎక్కించే రెండు పిన్నుల మీద ప్లాస్టిక్ మూతలు ఉన్నాయేమో చూడండి. మూత లోపలి రబ్బరు వాషరు కూడా గ్యాస్‌ను ఆపుతుంది. మూత పోయిన బండ్లు లెక్కలేనన్ని తిరుగుతున్నాయి. మూత తీసి పిన్ను మీద సబ్బు నీళ్ల చుక్క వేయండి. బుడగ లేస్తే లీకు దొరికినట్టే. పిన్నును మాత్రం వేలితోగానీ స్క్రూడ్రైవర్‌తోగానీ నొక్కవద్దు. ద్రవరూప గ్యాస్ చర్మం మీద పడితే మంచు కాటు వేస్తుంది, కంట్లో పడితే చూపుకే ప్రమాదం.

షాపులో లీకును ఎలా వెతుకుతారు? ఏ పద్ధతి మంచిది?

ఒక్క పద్ధతి అన్ని లీకులకూ సరిపోదు. పెద్ద లీకుకు ఒకటి, సన్న లీకుకు ఇంకొకటి.

వారం రోజుల్లో గ్యాస్ ఖాళీ అయ్యే బండికి నైట్రోజన్ పరీక్ష ఉత్తమం. మిగిలిన గ్యాస్ తీసేసి, పొడి నైట్రోజన్‌ను రెగ్యులేటర్ ద్వారా 150 నుంచి 200 పీఎస్ఐ దాకా నింపుతారు. సిలిండర్‌లో ప్రెషర్ 2000 పీఎస్ఐ పైన ఉంటుంది కాబట్టి రెగ్యులేటర్ లేకుండా నేరుగా కలపడం ప్రాణాల మీదికి తెచ్చుకోవడమే. నింపాక ప్రతి జాయింటు మీద సబ్బు నురగ వేసి బుడగల కోసం చూస్తారు. పెద్ద లీకైతే చెవికే వినిపిస్తుంది. ఒక రాత్రంతా అలా వదిలేస్తే ఇంకా మంచిది. అయితే సాయంత్రం, తెల్లవారి చూసిన అంకెలను పోల్చేటప్పుడు చలిని లెక్కలోకి తీసుకోవాలి: 200 పీఎస్ఐ దగ్గర ఉష్ణోగ్రత 10 డిగ్రీలు పడిపోతే ప్రెషర్ దానంతట అదే ఏడు పీఎస్ఐ దాకా తగ్గుతుంది. ఆ మాత్రం తగ్గుదలను లీకు అనుకోకూడదు.

నైట్రోజన్ బదులు టైర్లకు గాలి కొట్టే కంప్రెసర్‌తో పరీక్ష చేస్తామంటే ఒప్పుకోకండి. ఆ గాలిలో తేమ ఉంటుంది, అది ఏసీ ఆయిల్‌ను పాడుచేస్తుంది. అంతకంటే ముఖ్యం, లోపల మిగిలిన ఆర్-134ఎ ఎక్కువ ప్రెషర్‌లో గాలితో కలిస్తే మండే గుణం తెచ్చుకోగలదు. ఆక్సిజన్ సిలిండర్ వాడటం మరీ ప్రమాదం, ఆయిల్‌తో కలిసి పేలిపోతుంది.

నెలలు పట్టే సన్న లీకుకు రంగు పరీక్ష బాగా పనిచేస్తుంది. ఆయిల్‌లో కలిసిపోయే మెరిసే రంగును కొద్దిగా లోపలికి ఎక్కించి, బండిని కొన్ని రోజులు ఏసీ వేసి నడపమంటారు. తర్వాత చీకటి చోట అతినీలలోహిత టార్చ్‌తో, పసుపు కళ్లద్దాలు పెట్టుకుని చూస్తే లీకు ఉన్నచోట ఆకుపచ్చ, పసుపు కలిసిన మెరుపు కనిపిస్తుంది. ఇందులో ఓపిక కావాలి, మళ్లీ షాపుకు రావాలి. అందుకే చాలామంది దీన్ని తప్పించుకుంటారు. నా ఉద్దేశంలో మాత్రం ఖర్చుతో పోలిస్తే దీనంత నమ్మకమైన పరీక్ష ఇంకొకటి లేదు. ఒక్క షరతు: లీకు చోటు సరిచేశాక పాత మెరుపును శుభ్రంగా తుడిపించండి. లేకపోతే తర్వాతి మెకానిక్ పాత మరకను చూసి కొత్త లీకు అనుకుంటాడు.

మూడోది ఎలక్ట్రానిక్ డిటెక్టర్. మంచి పరికరం ఏడాదికి నాలుగు గ్రాముల లీకును కూడా పసిగడుతుంది. కానీ వాడే చేయి నెమ్మదిగా కదలాలి. జాయింటుకు అర సెంటీమీటరు దూరంలో, సెకనుకు ఐదు సెంటీమీటర్లు మించకుండా, చుట్టూ తిప్పుతూ పోవాలి. గ్యాస్ గాలికంటే బరువు కాబట్టి జాయింటు అడుగు భాగాన్ని తప్పక చూడాలి. ఇంజిన్, ఫ్యాను ఆగి ఉండాలి, గాలి వీచకూడదు. రోడ్డు పక్కన ఆరుబయట, లారీలు పోతుండగా చేసే డిటెక్టర్ పరీక్షకు విలువ లేదు. లోపల కనీసం 50 పీఎస్ఐ ప్రెషర్ ఉండాలి, ఖాళీ బండిలో అది ఏమీ పట్టుకోదు. పెట్రోలు ఆవిరికి, డాష్‌బోర్డు పాలిష్‌కు కూడా కొన్ని డిటెక్టర్లు కూస్తాయి. అందుకే ఒకసారి కూసిన చోట మళ్లీ మళ్లీ చూసి, సబ్బు నురగతో ఖాయం చేసుకోవాలి.

పూర్వం మంట రంగు మారడాన్ని బట్టి లీకు పట్టే దీపం ఒకటి ఉండేది. అది క్లోరిన్ ఉన్న పాత గ్యాసులకు పనికొచ్చేది. ఆర్-134ఎలో క్లోరిన్ లేదు, మంటలో పడితే విషవాయువు పుడుతుంది. ఏసీ గ్యాస్ దగ్గర మంట ఉండకూడదు.

అరగంట వాక్యూమ్ నిలిచింది, కాబట్టి లీకు లేదన్నారు. సరిపోతుందా?

సరిపోదు. పంపుతో లోపలి గాలినంతా లాగేసి ముల్లు నిలుస్తుందా అని చూసే వాక్యూమ్ పరీక్షలో బయటి గాలి లోపలికి తోసే బలం 14 పీఎస్ఐ చుట్టుపక్కలే. ఏసీ నడిచేటప్పుడు లోపలి నుంచి బయటికి తోసేది 250 పీఎస్ఐ దాకా ఉంటుంది. పైగా వాక్యూమ్‌లో కొన్ని ఓ రింగులు (జాయింట్లలోని రబ్బరు రింగులు) లోపలికి లాగబడి తాత్కాలికంగా బిగుసుకుంటాయి. వాక్యూమ్ నిలవకపోతే లీకు ఉన్నట్టే, నిలిచినంత మాత్రాన లేనట్టు కాదు.

వాక్యూమ్ కొట్టే అసలు ఉద్దేశం లోపలి గాలిని, తేమను తీయడం. 30 డిగ్రీల దగ్గర నీరు మరగాలంటే ప్రెషర్‌ను మామూలు 760 మిల్లీమీటర్ల పాదరసం నుంచి 32 కంటే కిందికి దించాలి. అందుకే మంచి పంపుతో కనీసం అరగంట, ఎక్కువ కాలం తెరిచి ఉన్న బండికి ఇంకా ఎక్కువసేపు పట్టాలి. గేజ్ 30 అంగుళాల పాదరసం చూపలేదని కంగారు పడవద్దు. వరంగల్ సముద్ర మట్టానికి 250 మీటర్లకు పైన ఉంది కాబట్టి ఇక్కడ పూర్తి వాక్యూమ్‌లో కూడా ముల్లు 29 దగ్గరే ఆగుతుంది.

ఉత్తర తెలంగాణ రోడ్లలో ఎక్కువగా లీకయ్యేది ఎక్కడ?

కండెన్సర్ పేరు ముందు చెప్పాలి. అది రేడియేటర్ కంటే ముందు, జాలీ వెనకే ఉంటుంది. కరీంనగర్ చుట్టూ గ్రానైట్ లారీలు, భూపాలపల్లి, గోదావరిఖని, మంచిర్యాల వైపు బొగ్గు లారీలు తిరిగే దారుల్లో ముందు బండి టైరు నుంచి ఎగిరిన రాయి దాని సన్నని అల్యూమినియం గొట్టానికి తగిలితే చాలు. లారీకి దగ్గరగా నడపకపోవడమే నివారణ. జాలీ వెనక సన్న కన్నుల తీగ వల వేయించుకోవచ్చు. అది గాలిని అడ్డుకునేంత చిక్కగా ఉండకూడదు. మేడారం జాతరకు అడవి దారుల్లో వెళ్లి వచ్చిన బండ్లకైతే దుమ్ము, మట్టి కండెన్సర్ కింది అంచున పేరుకుని తేమ పట్టి ఉంచుతాయి. అక్కడ నుంచి తుప్పు మొదలవుతుంది. వచ్చిన వారంలో కడిగించాలి.

తర్వాతి స్థానం కూలింగ్ కాయిల్‌ది, దాని సంగతి కింద ఉంది. ఆ తర్వాత జాయింట్ల ఓ రింగులు. ఇవి ఇంజిన్ వేడికి ఏళ్ల తరబడి గట్టిపడి పగులుతాయి. ఖరీదు పదుల రూపాయల్లో ఉంటుంది, పోగొట్టేది వేల రూపాయల గ్యాస్. రబ్బరు గొట్టం లోహపు క్లిప్పు దగ్గర లీకైతే హైడ్రాలిక్ పైపులు నొక్కే షాపులో కొత్త గొట్టం వేయించుకోవచ్చు. అది ఏసీ కోసమే తయారైన, లోపల నైలాన్ పొర ఉన్న గొట్టం అయి ఉండాలి. మామూలు రబ్బరు గోడల గుండా ఈ గ్యాస్ పోతుంది. కంప్రెసర్ ముందు సీలు కూడా లీకవుతుంది, క్లచ్ చుట్టూ ఆయిల్ చిమ్మిన మరక దాని గుర్తు.

కూలింగ్ కాయిల్ లీకైంది, డాష్‌బోర్డు విప్పాలన్నారు. నమ్మాలా?

రుజువు చూపిస్తే నమ్మండి. కాయిల్ డాష్‌బోర్డు లోపల ఉంటుంది, కంటికి కనపడదు. అందుకే ఎక్కడా దొరకని లీకును దాని మీదికి నెట్టేయడం సులువు. పనికూలి ఎక్కువ, విప్పి బిగించాక డాష్‌బోర్డు కిటకిటలాడే ప్రమాదం కూడా ఉంది.

రుజువు ఇలా అడగండి. బండిని మూసి, బ్లోయర్ ఆపి పది పదిహేను నిమిషాలు వదిలేయాలి. కాయిల్ లీకైతే బరువైన గ్యాస్ దాని పెట్టె అడుగున చేరి నీళ్లు కారే గొట్టం వైపు దిగుతుంది. అప్పుడు డిటెక్టర్ మొనను గొట్టం నోటి దగ్గర పెడితే కూస్తుంది. మొనకు నీరు తగలకుండా చూసుకోవాలి. లేదా ముందే రంగు ఎక్కించి ఉంటే ఆ గొట్టం చివర మెరుపు కనిపిస్తుంది. ఇంకా గట్టి రుజువు కావాలంటే కాయిల్‌ను మిగతా పైపుల నుంచి విడదీసి, రెండు చివరలూ మూసి, దానికొక్కదానికే నైట్రోజన్ పెట్టించవచ్చు. ఈ మూడింట్లో ఒక్కటీ చేయకుండా డాష్‌బోర్డు విప్పడానికి ఒప్పుకోవద్దు.

కాయిల్ పాడవడానికి ప్రధాన కారణం దాని మీద పేరుకున్న దుమ్ము, ఆకులు, తేమ. ఎర్ర దుమ్ము దారుల్లో తిరిగేవారు క్యాబిన్ ఫిల్టర్‌ను మాన్యువల్ చెప్పిన గడువుకు ముందే మార్చుకోవడం మంచిది. ఫిల్టర్ లేని పాత మోడళ్లకు అది పెట్టించుకునే వీలుంటే పెట్టించండి.

కండెన్సర్ చిల్లుకు వెల్డింగ్ చేయించవచ్చా?

మందపాటి అల్యూమినియం పైపుకు ఆర్గాన్ వెల్డింగ్ బాగానే నిలుస్తుంది. కండెన్సర్ సన్న గొట్టాలకు చేసిన వెల్డింగ్ మీద నాకు నమ్మకం లేదు. గోడ పలుచన, లోపల సన్నని గదులు, ఒకచోట అతికితే వేడికి పక్కన పగులుతుంది. మారుమూల ఊళ్లో తాత్కాలికంగా చేయించక తప్పకపోవచ్చు గానీ కొత్త కండెన్సరే సరైన దారి. చాలా కార్లలో లోపలి తేమను పీల్చే డ్రయ్యర్ కండెన్సర్‌తోనే కలిసి వస్తుంది కాబట్టి అది కూడా కొత్తదవుతుంది.

లీకును లోపలి నుంచి మూసే మందు డబ్బాలు అమ్ముతున్నారు. వాడవచ్చా?

వద్దు. వీటిలో కొన్ని తేమ తగలగానే గట్టిపడేవి. లోపల కాస్త తేమ ఉన్నా కాయిల్‌లోకి గ్యాస్‌ను వదిలే ఎక్స్‌పాన్షన్ వాల్వు సన్న రంధ్రంలోనో, కంప్రెసర్‌లోనో గట్టిపడతాయి. తర్వాత మంచి షాపుకు వెళ్తే తమ రికవరీ మిషన్ పాడవుతుందని వారు ఆ బండిని ముట్టుకోరు.

లీకు దొరికాక పని ఏ వరుసలో జరగాలి?

మిగిలిన గ్యాస్‌ను రికవరీ మిషన్‌లోకి తీసి తూకం చూడాలి. పాడైన భాగం విప్పాక తెరిచిన పైపుల నోళ్లకు వెంటనే మూతలు పెట్టాలి, ఎందుకంటే ఏసీ ఆయిల్ గాలిలోని తేమను వేగంగా పీల్చుకుంటుంది. జూలై ముసురులో పైపులు తెరిచి రాత్రంతా వదిలేసిన బండికి డ్రయ్యర్ మార్చక తప్పదు. విప్పిన ప్రతి జాయింటుకూ ఆర్-134ఎకు తగిన కొత్త ఓ రింగు, ఆయిల్ రాసి వేయాలి. పాతది బాగానే ఉందని తిరిగి పెట్టడం దండగమారి పొదుపు. మరీ బిగిస్తే కూడా రింగు తెగుతుంది.

భాగం మారితే దానితో పోయిన ఆయిల్‌ను భర్తీ చేయాలి. కండెన్సర్ మారిస్తే చాలా బండ్లలో 30 మిల్లీలీటర్ల దరిదాపుల్లో ఉంటుంది, కచ్చితమైన లెక్క కంపెనీ మాన్యువల్‌లో ఉంటుంది. ఎక్కువ పోసినా తప్పే, అదనపు ఆయిల్ కాయిల్‌లో చేరి కూలింగ్ తగ్గిస్తుంది. తర్వాత నైట్రోజన్ పరీక్ష, దాని తర్వాత వాక్యూమ్, చివరగా తూకం వేసి గ్యాస్. చాలాచోట్ల నైట్రోజన్ మెట్టు దాటేసి నేరుగా వాక్యూమ్‌కు పోతారు. రెండో లీకు ఉంటే అది బయటపడేది ఈ మెట్టులోనే, దాన్ని వదలవద్దని ముందే చెప్పండి.

మా బండికి ఏ గ్యాస్, ఎంత?

బానెట్ కింద అతికించిన స్టిక్కర్ మీద గ్యాస్ పేరు, గ్రాముల లెక్క ఉంటాయి. ఫోనులో ఫొటో తీసి పెట్టుకోండి. చిన్న కార్లకు సాధారణంగా 350 నుంచి 500 గ్రాముల మధ్య ఉంటుంది, వెనక సీట్లకు విడిగా కాయిల్ ఉన్న పెద్ద బండ్లకు బాగా ఎక్కువ. యాభై గ్రాముల తేడా కూడా చిన్న కారులో తెలిసిపోతుంది. ఎక్కువైతే ఇంకా చల్లగా వస్తుందన్నది అపోహ. హై సైడ్ ప్రెషర్ పెరిగి కూలింగ్ తగ్గుతుంది, కంప్రెసర్ మీద భారం పడుతుంది.

స్టిక్కర్ మీద ఆర్-1234వైఎఫ్ అని ఉంటే దానిలో ఆర్-134ఎ నింపకూడదు. ఇళ్ల ఏసీల్లో వాడే ఆర్-22, ఆర్-32 ప్రెషర్లు చాలా ఎక్కువ, అవి కారు గొట్టాలకు పనికిరావు. వంటగ్యాస్ జాతి మిశ్రమాలను చవకగా నింపేవారి విషయంలో మరీ జాగ్రత్తగా ఉండండి. చల్లదనం బాగానే వస్తుంది, ప్రెషర్లు కూడా దగ్గరగా ఉంటాయి. కానీ కాయిల్ లీకైతే ఆ గ్యాస్ చేరేది మూసిన అద్దాల వెనక, మీ కుటుంబం కూర్చున్న చోట. ఒక్క నిప్పురవ్వ చాలు. నింపే ముందు డబ్బా మీద పేరు చూపించమని అడగడం మీ హక్కు.

చలికాలంలో ఏసీ వాడం. వేసవి రాగానే గ్యాస్ ఉండటం లేదు. ఎందుకు?

కంప్రెసర్ ముందు సీలుకు ఆయిల్ అందేది అది తిరిగినప్పుడే. ఆదిలాబాద్ చలిలో మూడు నాలుగు నెలలు ఏసీ బటన్ నొక్కకపోతే సీలు ఎండి సందు ఇస్తుంది. వారానికోసారి పది నిమిషాలు ఏసీ నడపండి. అద్దాల మీద మంచు తెర పోవడానికి కూడా అది పనికొస్తుంది.

పాత గ్యాస్‌ను గాలిలోకి వదిలేస్తే ఏమవుతుంది?

చాలా అవుతుంది. ఆర్-134ఎ ఓజోన్ పొరను తినదు, ఆ దోషం పాత ఆర్-12ది. 1987 మాంట్రియల్ ఒప్పందం తర్వాత దాన్ని తప్పించారు. కానీ భూమిని వేడెక్కించడంలో ఆర్-134ఎ కార్బన్ డయాక్సైడ్ కంటే సుమారు 1,430 రెట్లు బలమైనది. అంటే ఒక్క కారులోని 450 గ్రాములు వదిలితే 640 కిలోల కార్బన్ డయాక్సైడ్ వదిలినట్టు. ఇలాంటి గ్యాసుల వాడకం తగ్గించే కిగాలీ సవరణను భారత్ 2021లో ఆమోదించింది, తగ్గింపు 2032 నుంచి దశలవారీగా మొదలవుతుంది. మే నెలలో 44, 45 డిగ్రీలు భరిస్తున్న ప్రాంతం మనది. పిన్ను నొక్కి బుస్సున వదిలే షాపు కంటే రికవరీ మిషన్ ఉన్న షాపుకు కొంచెం ఎక్కువ ఇచ్చినా న్యాయమే.

ఎలక్ట్రిక్ కారుకు కూడా ఇదే పద్ధతా?

వెతకడం దాదాపు ఇదే, ముట్టుకోవడం వేరు. వీటి కంప్రెసర్ హై వోల్టేజీ కరెంటుతో నడుస్తుంది. మామూలు కార్ల ప్యాగ్ ఆయిల్ కొద్దిగా కలిసినా విద్యుత్ నిరోధం దెబ్బతింటుంది, వీటికి పీఓఈ ఆయిల్ వాడాలి. చాలా మోడళ్లలో బ్యాటరీని చల్లబరిచేది కూడా ఇదే గ్యాస్. అందుకే లీకైతే ఎండాకాలం ఫాస్ట్ చార్జింగ్ వేగం పడిపోవచ్చు. ఆ హై వోల్టేజీ మోసే నారింజ రంగు కేబుళ్ల మీద శిక్షణ ఉన్నవారి చేత మాత్రమే చేయించండి.

బండి పాతది. కాయిల్ మార్చే ఖర్చు పెట్టాలా, అప్పుడప్పుడు గ్యాస్ నింపించుకోవాలా?

లీకు వేగం చూసి తేల్చుకోండి. రెండు మూడేళ్లకోసారి నింపిస్తే సరిపోయేంత సన్న లీకై, బండిని త్వరలో అమ్మేస్తారనుకుంటే డాష్‌బోర్డు విప్పించమని నేను చెప్పను. ప్రతి వేసవీ నింపించాల్సి వస్తుంటే మాత్రం లెక్క మారుతుంది. గ్యాస్‌తో పాటు ప్రతిసారీ ఆయిల్ కూడా కొంత పోతుంది, ఆ ఆయిల్ లోటుతో ఒకనాడు కంప్రెసర్ పట్టేసి లోహపు రజను పైపులన్నింటిలో చిమ్ముతుంది. అప్పుడు కంప్రెసర్, కండెన్సర్, డ్రయ్యర్, ఎక్స్‌పాన్షన్ వాల్వు కలిపి మార్చాల్సి వస్తుంది. ఆ బిల్లు కాయిల్ బిల్లును మించిపోతుంది.

ఏ నిర్ణయం తీసుకున్నా షాపు బిల్లు మీద నాలుగు సంగతులు రాయించుకోండి: తీసిన గ్యాస్ గ్రాములు, లీకు దొరికిన చోటు, కలిపిన ఆయిల్ రకం, ఎక్కించిన గ్యాస్ గ్రాములు. ఆ కాగితాన్ని బండి పత్రాలతో పాటు ఉంచండి. మళ్లీ కూలింగ్ తగ్గితే మెకానిక్ ముందుగా చూడాల్సింది అదే.